కౌంటెస్ నోట నువ్వు

కౌంటెస్ పాత్రకి పాతికేళ్ల అమ్మాయి కావాలని కూర్వల్ మొదటి రోజే చెప్పాడు. నేను నలభై నాలుగేళ్ల ఒదిల్ పేరు రాసిచ్చాను.

"మార్థ్, నేనడిగింది కౌంటెస్‌ని. కౌంటెస్ వాళ్లమ్మని కాదు," అన్నాడు కాగితం చూసి.

"ఒక్కసారి చూడండి. నచ్చకపోతే వాళ్లమ్మ పాత్ర రాయండి."

పారిస్ స్టూడియోలకి నటీనటులను వెతికిపెట్టడం ఇరవై ఏళ్లుగా నా పని. కూర్వల్ మొండి దర్శకుడే కానీ, చూడనని మాత్రం అనడు.

సినిమా కథ కొత్తదేం కాదు. ఒక దొంగ, డాక్టరు వేషంలో, కౌంటెస్ ఇంటికి అతిథిగా వస్తాడు. ముత్యాల దండ మాయమవుతుంది. డిటెక్టివ్ వచ్చి అందరినీ ప్రశ్నలడుగుతాడు. ఆ దొంగ ఒకప్పుడు కౌంటెస్ ప్రేమించిన మనిషి. గుర్తుపట్టి కూడా ఆమె నోరు మెదపదు. ఆ సంగతి డిటెక్టివ్‌కి ఒక పాత ఉత్తరం వల్ల తెలుస్తుందని స్క్రిప్టులో ఉంది. ఆ ఉత్తరమంటే కూర్వల్‌కే చిరాకు.

ఒదిల్‌కి ఆరేళ్లుగా చెప్పుకోదగ్గ పాత్ర రాలేదు. మేనత్తలు, హెడ్ నర్సులు, ఒకసారి మఠంలో పెద్ద సన్యాసిని. "ఇది కూడా రాకపోతే, తెర మీద నన్నెవరూ ప్రేమించరు మార్థ్," అంది ఫోన్లో, బయట చినుకులు పడుతున్నాయని చెప్పినట్టు.

చిక్కల్లా దొంగ వేషం రెమీది కావడం. రెమీ, ఒదిల్ ఎనిమిదేళ్లు కాపురం చేసి విడిపోయారు. పన్నెండేళ్లయింది. అప్పటి నుంచి, మాలో చాలామంది చేసినట్టే, నువ్వు అనుకోవడం మానేసి మీరులోకి వెళ్లిపోయారు. విందుల్లో ఎదురుపడితే "బాగున్నారా", "మీరు బాగున్నారా" అనుకుని చెరో గదిలోకి నడిచేవారు.

గురువారం ఉదయం బూలోన్ స్టూడియోలో ఒదిల్‌కి పరీక్ష పెట్టారు. డిటెక్టివ్ వేషంలో ముసలి మోరిసో ప్రశ్నలడుగుతుంటాడు. ఆమె మధ్యలో, "డాక్టర్ గారూ, కాస్త కిటికీ మూస్తారా?" అనాలి. రెమీ మూసి రావాలి. అంతే.

ఆమె అంది. రెమీ వెళ్లాడు. సెట్లో పెట్టింది పాత ఇంటి నుంచి ఊడదీసి తెచ్చిన నిజమైన కిటికీ. గడియ బిగుసుకుపోయింది. అతను దాన్ని లాగుతున్నాడు, గుంజుతున్నాడు. మోరిసో తర్వాతి ప్రశ్న అడిగాడు. ఒదిల్ అతనికి జవాబు చెబుతూనే, తల తిప్పకుండా అనేసింది:

"పైకెత్తి తిప్పు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు."

రెమీ పైకెత్తి తిప్పాడు. గడియ పడింది. మోరిసో నెమ్మదిగా ఆమె వైపు, తర్వాత కిటికీ వైపు చూశాడు. డిటెక్టివ్‌గా చూశాడో, మోరిసోగా చూశాడో నాకు తెలియదు. ఒదిల్ మెడ దగ్గర ఎర్రబడింది. కూర్వల్ కెమెరా ఆపించలేదు.

ఆమె వెళ్లేటప్పుడు, "చాలా బాగుంది మదామ్. కబురు చేస్తాం," అన్నాడు. మా వృత్తిలో ఆ మాటకి అర్థం ఒదిల్‌కి తెలుసు. గ్లవ్స్ తొడుక్కుని వెళ్లిపోయింది.

"ఉత్తరం తీసేద్దాం. డిటెక్టివ్‌కి ఆ నువ్వు ఒక్కటి చాలు," అన్నాడు కూర్వల్ నాతో. "కొరాలీని పిలిపించండి. ఆ మాట ఆమె చేత అనిపిస్తాను."

"ఆ మాట ఒదిల్‌ది."

"పొరపాటు ఎవరి సొత్తు మార్థ్?"

కొరాలీకి ఇరవై ఆరు. సోమవారం వచ్చింది. "రెమీ, నీ సినిమాలు చూస్తూ పెరిగాను నేను," అంటూ అతని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. లైట్లు పెట్టేవాళ్లని నువ్వు అంది. కూర్వల్‌ని నువ్వు అంది. మోరిసో దగ్గరికెళ్లి, "నీ మీసం నిజమేనా?" అంది.

"నన్ను నువ్వన్న ఆఖరి మనిషి మా అమ్మ," అన్నాడు మోరిసో నాతో.

ఆ పిల్లలో దోషమేం లేదు. ఇప్పుడు కుర్రవాళ్లంతా అంతే. అందంగా కూర్చుంది, అందంగా జవాబులు చెప్పింది. "పైకెత్తి తిప్పు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు," అంది. మోరిసో నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉండిపోయాడు. మూడుసార్లు తీశారు. మూడుసార్లూ అంతే.

"మీరు తల తిప్పాలి కదా?" అన్నాడు కూర్వల్ మోరిసోతో.

"ఎందుకు? ఏం జరిగిందని?"

"నువ్వు అంది కదా."

"పొద్దున్నుంచి నన్నూ అంటోంది. నాతో కూడా సంబంధం ఉందేమో విచారించమంటారా?"

అందరికంటే ముందు కొరాలీయే నవ్వింది. మధ్యాహ్నం దాకా అందరినీ మీరు అని పిలిచి అలవాటు చేసుకోమన్నాడు కూర్వల్. "మీరు అంటే మా స్కూల్ హెడ్‌మాస్టర్ గుర్తొస్తాడు," అంటూ తిండి బల్ల దగ్గరే మర్చిపోయింది.

సాయంత్రం కూర్వల్ రెమీని పక్కకి పిలిచాడు. "ఒదిల్ అయితే మీకు అభ్యంతరమా?"

రెమీ సిగరెట్ సగందాకా కాల్చాడు. "లేదు. ఆ గడియకి మాత్రం నూనె పెట్టించకండి."

నేను ఒదిల్‌కి ఫోన్ చేశాను. మాది పదిహేనేళ్ల పరిచయం, ఇప్పటికీ మీరనే అనుకుంటాం.

"అది పొరపాటు మార్థ్," అంది అంతా విని. "ఆ గడియ మా ఇంట్లోనూ ఉండేది. కావాలని అనమంటే మళ్లీ అలా రాకపోవచ్చు. ఆ సంగతి ఆయనకి చెప్పండి. చెప్పాక కూడా రమ్మంటే వస్తాను."

కూర్వల్ పక్కనే ఉన్నాడు. చెప్పాను.

"ఎలా అన్నా సరే," అన్నాడు. "ఆమె అంటే మోరిసో తల తిప్పుతాడు."

ఆ మాటే ఆమెకి చేరవేశాను.

"ఆ అమ్మాయి బాధపడిందా?"

"లేదు. రోమ్‌లో ఇంకో సినిమా ఉందట."

"అయితే తేదీ చెప్పండి. తొందరగా. పొయ్యి మీద ఉల్లికాడలు మాడుతున్నాయి."

చెప్పాను. రెండోసారి చెప్పించుకుంది. మూడోసారి తనే పైకి చదివి, సరిగ్గా రాసుకున్నానా అని అడిగింది.