రెండింటి నుంచి మూడున్నర దాకా

సర్కారు సర్వేకి మా ఇంటి పేరు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మా అత్తయ్య వాసవీకుమారి గారు ఇంట్లో కూడా ఇస్త్రీ చీరలే కడుతున్నారు. చీట్లు తీసినట్టు తీస్తారు, అందులో మన గొప్ప ఏమీ లేదని చెప్పాను.

"సీటీ తీస్తే పేరు రావడం గొప్ప కాదేటి? జగ్గమ్మది రాలేదు కదా," అన్నారు.

ఎదురింటి జగ్గమ్మ గారు సర్వే రోజు దాకా మాతో మాట్లాడలేదు.

మంగళవారం పదకొండింటికి హరిచందన వచ్చింది. ఖల్లికోట నుంచి రోజూ రైల్లో వచ్చి మా గోసాని నువాగాంలో ఇళ్ళు తిరుగుతున్న సర్వే అమ్మాయి. నిన్న తెల్లవారుజాము నాలుగు నుంచి ఇవాళ నాలుగు దాకా ఇంట్లో ఒక్కొక్కరూ ఏ అరగంట ఏం చేశారో చెప్పాలట. అరగంటకో గడి, మనిషికి నలభై ఎనిమిది గడులు.

"మీరు చెప్పింది రహస్యంగా ఉంచుతాం," అంది టాబ్ తెరుస్తూ. అప్పటికి జగ్గమ్మ గారు మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడని వెళ్ళమంటే తమ అరుగు దాకా వెళ్ళి అక్కడ కూర్చున్నారు. మా అత్తయ్యని వెళ్ళమనడం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

నా భయం ఆవిడతోనే. రోజూ మధ్యాహ్నం రెండింటికి, ఎప్పుడూ అవే బియ్యం ఉండే చేట పట్టుకుని, ఏరి వస్తానని మేడ మీద గదికి వెళ్తాను. మూడున్నరకి దిగుతాను. మిషను బియ్యంలో రాయి కనబడి పదేళ్ళయింది. నేను తలుపు వేసుకుని నిద్రపోతాను. ఇరవై నాలుగు గంటల్లో ఎవరూ పిలవని గంటన్నర అదొక్కటే. నిజం చెబితే అది పోతుంది. అబద్ధం చెబుదామా అంటే, కాలేజీలో మూడేళ్ళు స్టాటిస్టిక్స్ చదివినదాన్ని. పేపర్లో శాతాలు కలిపితే నూటొకటి వస్తే ఆ పూట నాకు కాఫీ సయించదు.

ముందు అత్తయ్య వంతు.

"నిన్న వొద్దమ్మా," అన్నారు. "నిన్న సోమారం, ఏటీ సెయ్యలేదు. మొన్న మార్గసిర గురువారం రాసీ. మూడింటికి లేసి గడపంతా పిండిముగ్గులేసాను, లచ్చమ్మకి పాదాలేసాను, బియ్యప్పిండితో మూడు రకాల పిఠాలు సేసాను."

"నిన్నటిదే రాయాలి మావుసీ," అంది హరిచందన, ఒడియాలో పిన్నీ అని వరస కలిపి.

"ఇంటికొచ్చినోళ్ళకి నిన్నటి కూర పెడతామేటి? సర్కారంతటోడు అడిగితే మంచి రోజు తీసి ఇయ్యాల."

"అందరూ మంచి రోజే ఇస్తే దేశంలో వారమంతా గురువారమే అయిపోతుంది అత్తయ్యా," అన్నాను.

"అయితే ఏటి? లచ్చమ్మకి మంచిదే కదా."

పావుగంట బతిమాలితే సోమవారానికి దిగి వచ్చారు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ చూశారా అని హరిచందన అడిగింది.

"నేను సూళ్ళేదు. అదే నా ఎదర నడిసింది."

రెండింటి నుంచి మూడున్నర దాకా జపం అని రాయించారు.

తర్వాత మా ఆయన శ్యామసుందర్‌కి ఫోన్ చేశాం. ఆయనకి పెద్ద బజార్లో చింతపండు హోల్‌సేల్ కొట్టు ఉంది.

"తెల్లవారి నాలుగింటికి ఎక్కడున్నారు సార్?"

"కొట్లో."

"అయిదింటికి?"

"కొట్లోనే."

"నాలుగింటికి కొట్టు తీశారా?"

"ఎవరు ఫోన్ చేసినా కొట్లో ఉన్నాననడం అలవాటండీ. పడుకున్నాను. మా ఆవిణ్ణడిగి రాసుకోండి," అని పెట్టేశారు.

నా వంతు వచ్చింది. నాలుగున్నరకి లేవడం, వాకిలి, పాలు, టిఫిను, వంట, బట్టలు, భోజనాలు. గడులు ఒక్కొక్కటీ నిండుతున్నాయి. ఒంటిగంటన్నర గడిలో గిన్నెలు సర్దడం అయింది. తర్వాత రెండు.

హరిచందన టాబ్ మీద వేలు ఆపింది. "అక్కా, ఒక మాట. ఈ వీధిలో ఇప్పటికి ఏడిళ్ళు రాశాను. ఏడిళ్ళలోనూ ఆడవాళ్ళు రెండింటి నుంచి మూడున్నర దాకా బియ్యం ఏరుతున్నారు. నిన్న మా ఆఫీసర్ ఫోన్ చేశారు. గోసాని నువాగాంలో జనం అన్నం తింటున్నారా, రాళ్ళు తింటున్నారా అని అడిగారు. ఎనిమిదోదీ అలాగే వస్తే వీధంతా మళ్ళీ మొదట్నుంచి రాయాలట."

బియ్యం అన్న మాట నా నాలుక చివరే ఉంది. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నారు. ఏడు అబద్ధాల పక్కన ఎనిమిదోది కూర్చోబోతోంది. రేపు ఎవరో ఢిల్లీలో కూర్చుని గంజాం జిల్లా బియ్యంలో రాళ్ళ సమస్య మీద రిపోర్టు రాస్తారు.

"నిద్ర," అన్నాను. "మూడు గడుల్లోనూ నిద్రే రాయండి."

అత్తయ్య కుచ్చిళ్ళు వదిలేసి తలెత్తారు.

"ఇన్నాళ్ళకి సెప్పింది," అన్నారు అత్తయ్య, నాతో కాదు, హరిచందనతో. "సావనంలో ఆ సేటలో మూడు మినపగింజలేసానమ్మా. ఏరితే రావాలి కదా. నిన్న సేట కిందికొచ్చాక సూసాను. మూడూ అక్కడే ఉన్నాయి."

శ్రావణం నుంచి మార్గశిరానికి నాలుగు నెలలు. రోజుకి గంటన్నర చొప్పున నూట ఎనభై గంటలు. ఏరినది సున్నా. నా బుర్ర అలాంటప్పుడు కూడా లెక్క మానదు.

"మావుసీ, మీరు మా ఆఫీసులో ఉండవలసినవారు," అంది హరిచందన.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం అత్తయ్యా?"

"నేనడిగితే నువ్వు నన్నడగవేటి? ఆ సేట ఎవరిదనుకున్నావు? మా అత్తగారున్నన్నాళ్ళూ నేనూ దాన్నే పట్టుకుని మేడెక్కీదాన్ని." హరిచందన వైపు తిరిగారు. "నా జపం కాడ కూడా నిద్రే రాసీమ్మా. మాల సేతిలో ఉంటాది గానీ తిరగదు."

హరిచందన దిద్దింది. అసలు సంగతి తెలిసింది కాబట్టి మిగిలిన ఏడిళ్ళకీ మళ్ళీ వెళ్తానని, ఈసారి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడుగుతానని అంది. లేవబోతుంటే అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు.

"గురువారం ఎక్కడా రాయడానికి లేదేటి? సివర్నయినా, సిన్నగా?"

చివర సర్వే చేసినవాళ్ళు తమ మాట రాసే గడి ఒకటి ఉంటుందట. హరిచందన అందులో 'ఈ ఇంట్లో గురువారం పిండిముగ్గులు బాగా వేస్తారని చెప్పారు' అని ఒడియాలో టైపు చేసి చదివి వినిపించింది.

"సెప్పారని ఎందుకు? ఏస్తారని రాసీ."

"నేను చూడలేదు కదా మావుసీ."

ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

మర్నాడు రెండింటికి చేట తీయబోతుంటే అత్తయ్య పక్కగది నుంచి పిలిచారు. "సేట ఎందుకే? సర్కారోళ్ళు రాసీసుకున్నారు కదా. దిండు పట్టుకెళ్ళు."

దిండు తీసుకుని మేడ మెట్లెక్కాను. ఎదుటి మేడ మీద జగ్గమ్మ గారు కనబడ్డారు. ఆవిడ చేతిలోనూ చేట ఉంది. నా చేతిలో దిండు చూసి ఆగిపోయారు.

నేను వెనక్కి దిగి, ఆవిడ గుట్టు పోకుండా, చేట కూడా తెచ్చుకున్నాను. వెళ్తూ మినపగింజలు మూడూ ఏరేశాను.