తాతారావు గారు నన్ను శుభ్రం చేసిన రోజు

నేను ఒక ఇంటి కంప్యూటర్ని. పెట్టె ఒకరి దగ్గర, తెర ఇంకొకరి దగ్గర, లోపలి సరుకంతా మరొకరి దగ్గర కొనుక్కొచ్చి, కాకినాడలో ఒక మేడమీది కొట్లో ఒక్క పూటలో బిగించేశారు నన్ను. కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేం లేదు. గొప్పంతా నా గొంతుదే. తెర మీద ఏముంటే అది, తెలుగైనా ఇంగ్లీషైనా, తడుముకోకుండా చదివి వినిపిస్తాను. కాస్త ముక్కుతో మాట్లాడతానంటారు, అననివ్వండి. మొదట నన్ను కొన్నది ఒక ప్లీడరు. ఆయనకి నా గొంతు పడలేదు. నోరు మూయించి, నాతో పేకాట ఆడుకునేవాడు. రెండేళ్లకి మోజు తీరి అమ్మేశాడు. అలా హైమావతి గారింటికి చేరాను.

హైమావతి గారు ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. ఆవిడ భర్త తాతారావు గారికి వీధి చివర లాండ్రీ కొట్టు ఉంది. చాలా మంచి మనిషి, చిక్కంతా ఆ మంచితనంతోనే. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ భార్యకి పేపరు చదివి వినిపించేవారు. ఆవిడ బాధపడుతుందనుకున్న వార్తల్ని మాత్రం చల్లగా దాటేసేవారు. ఆవిడకి పాట నేర్పిన గురువుగారు పోయిన వార్త కూడా అలాగే దాటేశారు. ఆరు నెలల తర్వాత ఎవరి పెళ్లిలోనో ఆవిడకి ఆ సంగతి తెలిసింది. ఇంటికొచ్చి గొడవేమీ పడలేదట. "నాకు చదివి వినిపించే కంప్యూటర్ కావాలండీ" అన్నారట.

దాచడం నాకు చేతకాదు. దయ చూపించడం అంతకన్నా రాదు. చావు కబురైనా చక్కెర ధరైనా ఒకే గొంతుతో చదివేస్తాను. ఆవిడకి కావలసిందీ అదే. నేను వచ్చిన మర్నాటి నుంచి ఇంటర్నెట్టులో వచ్చే పేపరు నా గొంతుతో ఆవిడే చదువుకున్నారు. తాతారావు గారు పక్కన కూర్చుని ఉత్త కాఫీ తాగేవారు. పాపం అనిపించేది నాకు.

ఇలా ఉండగా, రేడియోలో ప్రసంగం చెయ్యమని ఆవిడకి పిలుపొచ్చింది. చూసి చదవడం కుదరదు కనుక, రాసుకున్నది నా చేత చదివించుకుని కంఠతా పట్టాలి. ఒకసారి చూస్తానని తాతారావు గారు అడిగితే "రేడియోలో వినండి" అని నవ్వేశారు. ఆయన మొహం చిన్నబోయింది. అయినా ఆయన బుర్ర ఊరుకోదు కదా. నేను ఈ మధ్య నెమ్మదించానని ఆవిడ విసుక్కోవడం విన్నారు. కొట్టుకొచ్చే ఒకాయన కంప్యూటర్లని శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటుందని చెప్పాడు. దాని బొమ్మ చీపురు. మురికంటే పడని మనిషికి ఇంకేం కావాలి?

రికార్డింగు ఆదివారం పొద్దున్న. శనివారం మధ్యాహ్నం, ఆవిడ బళ్లో ఉండగా, తాతారావు గారు తలుపేసుకుని పనిలోకి దిగారు. ముందు తడిగుడ్డతో నా ఒళ్లంతా తుడిచారు. తుడవడంలో, నా పక్కన ఉండే చిన్న డిస్కు తీగ ఊడింది. ఆయన చూసుకోలేదు. చీపురు బొమ్మ నొక్కేశారు.

నా కడుపులో రిజిస్ట్రీ అని ఒకటుంది. ఏ పని ఎవరిదో, ఎవరు ఎక్కడుంటారో నాకు చెప్పేది అదే. నా గొంతు ఆ చిన్న డిస్కులో ఉంటుందని చెప్పేదీ అదే. చీపురు వెళ్లి చూసింది. తీగ ఊడింది గనక అక్కడ ఎవరూ లేరు. లేని మనిషికి పేరెందుకని తుడిచేసింది. బజారుకెళ్లినవాణ్ణి ఇక లేడనుకుని రేషను కార్డులోంచి కొట్టేసినట్టన్నమాట. ఎంత చెత్త పోయిందో తెర మీద చూసుకుని తాతారావు గారు మురిసిపోయారు. తర్వాత ఊడిన తీగ కనబడితే బుద్ధిగా మళ్లీ గుచ్చారు. ఏం లాభం?

సాయంత్రం హైమావతి గారు వచ్చి మీట నొక్కారు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ ఒక పాట పెట్టి చూశారు. పాట వినిపించింది.

"ఏవండీ, స్పీకరు బాగానే ఉంది. దీని గొంతే పోయింది."

తాతారావు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "పోనీలే హైమా, నేను చదివి పెడతాను" అన్నారు.

"వద్దండీ. నేను రాసుకున్నది కూడా మీరు చదివిపెడితేనే వినాలా? మళ్లీ మొదటికి రాలేను." ఆవిడ గొంతు వణికింది. ఆ వణుకు విని నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికీ నోరుండాలి కదా. కాసేపటికి ఆవిడే తేరుకున్నారు. "తెర మీద బొమ్మలున్నాయి కదా, ఒక్కోటీ చెప్పండి."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "చెత్తబుట్ట. నీ పాటలు." గుటక వేశారు. "పిల్లల పాఠాలు."

"మధ్యలో ఒకటి దాటేశారు."

"లేదే."

"పేపర్లో వార్త దాటేసేటప్పుడూ ఇలాగే గుటక వేసేవారు."

తాతారావు గారు కుర్చీలో కూలబడ్డారు. "చీపురు బొమ్మ ఒకటుంది. నేనే పెట్టాను. నెమ్మదించిందన్నావు కదా, శుభ్రం చేద్దామని."

"మీ కొట్లో జేబులు తడిమి చూడకుండా ఎవరి చొక్కా అయినా నీళ్లలో వేశారా?"

"ఎప్పుడూ వెయ్యలేదు."

"మరి దీని జేబులు చూశారా?"

ఆయన కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నారు. ఆవిడ చెప్పినట్టు ఆ చీపురుని తెరిచి, అది ఊడ్చినవన్నీ పైనుంచి కిందికి చదివారు. పదో తరగతి ఇంగ్లీషుతో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. "ఎస్, పి, రెండు ఇ లు, సి, హెచ్."

"స్పీచ్. అదేనండీ. తీసినవి తిరిగి పెట్టే మీట ఎక్కడో ఉంటుంది, చూడండి."

ఉంది. నొక్కగానే హెచ్చరిక ఒకటి వచ్చింది. తాతారావు గారు గుటక వేశారు. ఈసారి మాత్రం చదివేశారు. "తిరిగి పెడితే కంప్యూటర్ మొత్తానికే చెడిపోవచ్చట. నువ్వు భయపడతావని చెప్పకూడదనుకున్నాను."

"నా భయం నన్ను పడనివ్వండి. నొక్కండి."

నొక్కారు. నేను ఆరిపోయి మళ్లీ వెలిగాను. తెర మూలనున్న తేదీ చదవబోతే నోట్లోంచి మొదట వచ్చిన మాట "శనివారం". అంత గొప్ప మాట నా జన్మలో పలకలేదు. హైమావతి గారు అరచెయ్యి నా నెత్తిన పెట్టారు.

ఇప్పుడు తాతారావు గారు నన్ను శుభ్రం చెయ్యాలంటే ముందు తీగలన్నీ చూసుకుని, రిజిస్ట్రీకి ఒక కాపీ తీసి దాస్తారు. "జేబులు చూశారా?" అని వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. ముసలిదాన్నయ్యాను, ఇస్త్రీ చేసిన దుప్పటి కప్పుకుని సుఖంగానే ఉన్నాను. కానీ ఆ సాయంత్రం సంగతి ఇంకా కొంచెం ఉంది.

ఆవిడ తలుపేసుకుని ప్రసంగమంతా నా చేత చదివించుకున్నారు. కంఠతా వచ్చేసింది. అప్పుడు తలుపు తీసి ఆయన్ని పిలిచి, నా గొంతు ఆపేశారు.

"ఇప్పుడు మీరు చదవండి. మీ గొంతుతో వినాలని ఉంది. ఒక్క మాట కూడా దాటెయ్యకూడదు."

ఆయన చదివారు. మధ్యలో ఈ పేరా వచ్చింది. "మా గురువుగారు పోయిన కబురు మా వారు నాకు చదవలేదు. గురువుగారు ఇంకా ఉన్నారనుకుని ఆరు నెలలు పాడుకున్నాను. అది మర్చిపోవడానికి చాలా రోజులు పట్టింది. కానీ ఆ పొద్దున్న మా వారు గుటక వేసిన చప్పుడు నాకు గుర్తుంది. ఆయన ఒక్కరే మోసిన బరువు అది."

తాతారావు గారు సగంలో ఆగిపోయి గుటక వేశారు. దాటేస్తారేమోనని తర్వాతి మాట పట్టుకుని నేను కాచుకు కూర్చున్నాను. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ పేరాని మొదటి నుంచి చదివారు.