కుండ మీది రేకు

సైదులు చేదలోని నీళ్ళు తొట్టిలో కుమ్మరించి, నడుము పట్టుకుని నిలబడ్డాడు. నల్లగొండ పద్మశాలి సత్రంలో నీళ్ళు తోడటం, వాకిలి ఊడవటం, వచ్చినవాళ్ళకు చాపలు పరవటం అతని పని. ఎముకలు తేలిన భుజాలు, తాడు ఒరిసి నల్లబడ్డ అరచేతులు, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒరిగే నడక. అతన్ని చూడనివాడు ఊళ్ళో లేడు. చూసి గుర్తుపెట్టుకున్నవాడూ లేడు.

"శివయ్యా" అని ఎవరో పిలిచారు. ఈ శివయ్య ఎవడో చూద్దామని సైదులు వెనక్కి తిరిగాడు.

"నిన్నే. పొద్దుమీకినంక సభల నీకు పెట్టే పేరు గదే గద," అన్నాడు సత్రం పెద్ద వెంకటరాజం.

బట్టల మూటలతో బొంబాయి పోయివచ్చినప్పటి నుంచి వెంకటరాజానికి దేశం మీద బెంగ పట్టుకుంది. ఆ ఏడు పాకిస్తాన్‌తో యుద్ధం కూడా రావటంతో ఒక సంఘం పెట్టాడు. బయటి పేర్లు, బయటి మొక్కులు పోతేనే దేశం నిలబడుతుందని అతని వాదం. ఆ పని సత్రం నీళ్ళ మనిషితో మొదలుపెట్టటం సులువనిపించింది. 'శివయ్య' అని రంగుతో రాయించిన రేకు అప్పుడే సైదులు గది గుమ్మానికి ఆనించి ఉంది.

"మా అమ్మ మొక్కిన పేరు సేటూ. గట్లనే ఉండనియ్యి."

"అయితే జాగా ఖాళీ చెయ్యి. తురకపేరుతోని గీ సత్రంల ఉండుడు కుదరదు. జర ఆలోచించుకో."

జాగా, ఖాళీ, జర అన్న మాటలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్ళు అక్కడ లేరు.

సైదులుకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. బిడ్డ బతికితే నీ పేరే పెడతానని తల్లి రామమ్మ సైదులు అనే పీరు దర్గాలో మొక్కింది. ఆ మొక్కే తన ఊపిరిని పట్టి ఉంచిందని అతని నమ్మకం. పేరు వదిలితే ప్రాణానికి ముప్పు, వదలకపోతే తల దాచుకునే చోటు లేదు. రోజంతా భయంతోనే ఊడ్చాడు, తోడాడు. మధ్యమధ్య శివయ్య, శివయ్య అని గొణుక్కున్నాడు. నోటికి పట్టింది గాని మనసుకు పట్టలేదు.

సాయంత్రం సంఘం సభలో వెంకటరాజం అతన్ని అరుగు ఎక్కించి, మెడలో దండ వేయబోయాడు. ఆడవాళ్ళ మధ్యలో నుంచి వెంకటరాజం తల్లి ఆండాళు లేచింది.

"కొడుకా, నాకొకటి చెప్పు. పసిగుడ్డువై కండ్లు తేలేస్తే నేనూ మీ బాపూ నిన్నెత్తుకొని గా దర్గాకే ఉరికినం. నీ పుట్టెంటికలు తీసింది గాడనే. గా మొక్కు బయటిదైతే, నీ పానం ఎవలకు వాపసియ్యాలె?"

వెనక ఎవరో నవ్వారు. ఇంటికొక సైదులో, సైదమ్మో ఉన్న ఊరు అది. నవ్వు అరుగు దాకా పాకింది.

"సరే, దిగు సైదులూ," అన్నాడు వెంకటరాజం దండ చూసుకుంటూ.

సైదులు వెంటనే పలికాడు. గుండె మీది బరువు దిగిపోయింది. గదికి పోయి, మంచి రేకు పారేయటమెందుకని, అక్షరాలు కిందికి తిప్పి మంచినీళ్ళ కుండ మీద మూత పెట్టుకున్నాడు.

కొన్నేళ్ళకు ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చాప మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. మోసినవాళ్ళలో వెంకటరాజం ఉన్నాడు. మర్నాడు గది సర్దటానికి వచ్చింది కూడా అతనే. రేకు ఎత్తి చూశాడు. చెమ్మకు రంగు సగం రాలిపోయింది. దాన్ని మళ్ళీ అక్షరాలు కిందికే తిప్పి కుండ మీద పెట్టాడు.

ఆ కుండ ఇప్పుడు సత్రం వాకిట్లో, దారిన పోయేవాళ్ళ కోసం ఉంది. మీద అదే రేకు.