తొంగిచూపు ఇంటి కిటికీలు

అందరూ తొంగిచూపు అని పిలిచే ఆయన పనికి బయల్దేరే వేళకి ఆ వీధి ఆడవాళ్ళు కిటికీల్లో ఆరేసిన బట్టలు లోపలికి లాక్కునేవారు. లేకపోతే రెక్కల మధ్య నలిగిపోయేవి. ఆయన క్యారేజీ చేత పట్టుకుని, తల వంచుకుని నడుస్తుంటే, అటూ ఇటూ కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే మూసుకునేవి. ఆయన మలుపు తిరగ్గానే మళ్ళీ తెరుచుకునేవి. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మబ్బు పట్టిన రోజున మాత్రం, "బాబాయ్, ఒకసారి అలా వీధి చివరిదాకా వెళ్ళి రారాదూ, జల్లు లోపలికి కొట్టేలా ఉంది," అని పిలిచేవారు. ఆయన చెప్పులేసుకుని వెళ్ళొచ్చేవాడు.

వయసులో ఉండగా ఆయన సినిమాల్లో వేశాడు. అలాంటి సినిమాలు. పోస్టరు మీద సగం తెరిచిన తలుపు, తడిసిన భుజం. ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని పొద్దుటి ఆటకి వెళ్ళే జనం. స్నానాల గదిలో ఒక అమ్మాయి ఉంటుంది, తాళం కన్నానికి కన్ను ఆనించి ఈయన చూస్తుంటాడు. కథంతా అంతే. జనం వచ్చింది అమ్మాయి కోసమే అయినా, వాళ్ళకి గుర్తుండిపోయింది ఈయన ముఖం. చీకట్లో కూర్చుని వాళ్ళు చేసిన పనికి వెలుతురులో పేరు ఈయనకొచ్చింది. మూడో సినిమా ఆడుతుండగా, ఆయన్ని చూసి కిటికీలు మూసుకోవడం మొదలెట్టాయి. ఆ తర్వాత వేషాలు రాలేదు. బస్సెక్కితే జనం ఉక్కపోతకి విసుక్కుంటున్నారని నడక అలవాటు చేసుకున్నాడు. కిటికీలే లేని గిడ్డంగిలో పెట్టెలకి మేకులు కొట్టే పనిలో కుదిరాడు.

భార్య ఆ సినిమాలు చూడలేదు. పోస్టర్లు చూసింది, చాలదూ? ఆవిడ ఇంట్లో బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ముందు గది నాలుగు మూలలా చూసి, "మీ ఆయన ఇంట్లో లేడుగా?" అనేవారు. "లేరు," అనేదావిడ, మిషను మీంచి తలెత్తకుండా. ఆయన్ని మాత్రం ఒక్కమాట అనలేదు, ఒక్కమాట అడగలేదు. ఆ మౌనంతోనే, మూసిన కిటికీల మధ్య, ఫ్యాను గాలి కింద వాళ్ళ కాపురం గడిచిపోయింది.

పెద్దతనంలో ఆవిడకి ఊపిరితిత్తులు చెడ్డాయి. "గాలి ఆడాలి, కిటికీలు తెరిచి ఉంచండి," అన్నాడు డాక్టరు. తొంగిచూపు రెక్కలకి తాళ్ళు కట్టాడు. తెగిపోయాయి. రెక్కలే ఊడదీసి గోడకి ఆనించాడు. ఆయన మళ్ళీ గదిలో అడుగుపెట్టగానే అవి లేచి వెళ్ళి చట్రాల్లో కూర్చున్నాయి. ఆయన కళ్ళు మూసుకుంటే తెరుచుకుంటాయి కదా అని గంతలు కట్టుకుంటానన్నాడు. "నేనింకా బతికే ఉన్నాను. ఆ అవతారం నాకు చూపించకండి," అందావిడ. దాంతో ఆయన గిడ్డంగి పని మానేసి, కుర్చీ ఒకటి బయట మెట్ల దగ్గర వేసుకుని, తలుపు మూసేశాడు. లోపల కిటికీలు తెరుచుకున్న చప్పుడైంది. ఆ రోజు నుంచి ఆయన తిండీ నిద్రా అక్కడే.

కింది వాటాలో ఉండే నర్సు పూటపూటా వచ్చి మందులిచ్చి, ఒళ్ళు తుడిచి వెళ్ళేది. "ఏమైనా తిందా? ముఖం ఎలా ఉంది?" అని ఆయన అడిగేవాడు. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉన్న నర్సు, "రోజూ నన్నడిగే బదులు తాళం కన్నంలోంచి చూసుకోరాదూ బాబాయ్? మీకు కొత్తేం కాదుగా," అంది. అనేసి నాలుక కరుచుకుంది.

"కొత్తేనమ్మా," అన్నాడాయన. "నేనెప్పుడూ చూడలేదు."

నర్సు తలొంచుకుని మెట్లు దిగిపోయింది. లోపల్నించి భార్య గొంతు వినబడింది.

"చూడకపోవడమేంటి? మీరు చూస్తుంటే లోకమంతా చూసిందిగా!"

"కన్నం వెనకాల చెక్క ఉండేది. రంగు కూడా వెయ్యని చెక్క. ఆ పిల్లమీద షాట్లు ఎప్పుడో వేరే రోజున తీసుకునేవారు. నేనామెని ఒక్కసారి కూడా కలవలేదు."

"మరి ఆ ముఖమేంటి? చెక్కని చూసి పెట్టారా అలా?"

ఆయన కుర్చీ తలుపుకి దగ్గరగా జరుపుకున్నాడు. తలుపవతల ఆవిడ ఆయాసం వినబడుతూనే ఉంది.

"నాకు రావడం లేదని డైరెక్టరు కేకలేశాడు. 'నీకు ప్రాణమైనదేదో దాని వెనక ఉందనుకో, అది నీకేసి చూడటం లేదనుకో' అన్నాడు. పెళ్ళైన కొత్తలో నువ్వు తల ఆరబెట్టుకుంటూ ఏదో కూనిరాగం తీసేదానివి. నేనొస్తే ఆపేసేదానివి. అందుకని గుమ్మంలోనే నిలబడిపోయేవాణ్ణి. అది తలుచుకున్నాను. ప్రతి సినిమాకీ అదే."

"అంటే..." ఆవిడకి దగ్గొచ్చింది. "అంతమంది చూసింది, మీరు నన్ను చూసిన చూపా?"

"నిన్ను బజార్న పెట్టినట్టే కదా. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"చెప్పాల్సింది." ఏడుస్తోందో నవ్వుతోందో బయటికి తెలియలేదు. "ఆ పిల్లని తిట్టుకోని రోజు లేదు. మీ ముఖంకేసి సరిగ్గా చూసి ఎన్నేళ్ళైందో... లోపలికి రండి."

"కిటికీలు..."

"మూసుకోనివ్వండి. ఈసారి నాకు తెలిసేలా చూడండి."

ఆయన తలుపు తోశాడు. ఆవిడ దిండుకి ఆనుకుని, నెరిసిన జుట్టు చెవుల వెనక్కి తోసుకుని ఎదురు చూస్తోంది. కిటికీలు రెండూ మెల్లగా కదిలి మూసుకున్నాయి. కాసేపటికి ఊపిరందక ఆవిడ ఎగశ్వాస తీసింది. "కళ్ళు మూసుకోండి," అంది. మూసుకున్నాడు. రెక్కలు తెరుచుకుని గాలి వచ్చింది. నాలుగు గుక్కలు పీల్చుకుని, "ఊఁ, ఇప్పుడు చూడండి," అంది. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆ రోజు డైరెక్టరు ఆవిడే. ఆయన చూస్తున్నంతసేపూ ఆవిడా చూసింది. పెదవి మీద ఆ గాటేమిటని అడిగింది.

"పెట్టె మేకు గీరుకుంది. ఎప్పుడో. నువ్వు గమనించలేదు."

"గమనించాను. అడగలేదు."

ఎండ గోడ మీంచి దిగిపోతోంది. ఆవిడ పెదవులు నీలంగా మారడం చూసి, "మూసుకోనా?" అన్నాడు.

"వద్దు," అంది. "ఇంక మూసుకోకండి."

"ఊపిరి..."

"చూస్తూ ఉండండి."

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ నర్సు పైకి చూసింది. వీధిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఆ గదివి రెండూ మూసి ఉన్నాయి. పరుగెత్తబోయి ఆగింది. సంచీ భుజానికి సర్దుకుని, ఒక్కో మెట్టూ నిదానంగా ఎక్కింది. తలుపవతల ఆవిడ ఆయాసం వినబడటం లేదు. నర్సు తలుపు తట్టలేదు. బయట ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఆయన చూడటం అయ్యేదాకా కాచుకుంది.