ఓబులమ్మ పసుపు కార్డు

నేను ఒక పసుపుపచ్చ అట్ట కార్డును. మధ్యలో ఒకే మడత. మడిస్తే బస్సు పాసు కంటే కొంచెం పెద్దగా ఉంటాను. జిల్లా కేంద్రంలో ఒక చిన్న ప్రెస్సులో పుట్టాను. అక్కడ పెళ్లిపత్రికల కోసం తెచ్చిన పసుపు అట్ట చాలా మిగిలిపోయింది. అప్పుడే మనసు వైద్యం కార్డులు అచ్చు వేయమని ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు. "బీపీ, షుగరు వాళ్లవి తెల్లవి. ఇవి వేరే రంగులో ఉంటే వెతుక్కోవడం సులువు," అన్నాడు. అలా నేను పెళ్లికి పోవలసినదాన్ని ఆసుపత్రికి పోయాను. వెతుక్కోవడం ఇంకా ఎవరెవరికి సులువవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

పెద్దమిట్ట ఆరోగ్య కేంద్రానికి ప్రతి నెలా రెండో గురువారం మనసు డాక్టరు వస్తారు. అక్కడ గ్రేసమ్మ సిస్టరు నా మీద నీలం ఇంకుతో రాసింది: ఓబులమ్మ, ముప్పై ఆరేళ్లు. ఓబులమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వాళ్లమ్మ చనిపోయాక ఆమెకు రెండు నెలలు నిద్ర లేదు. ఎవరికీ వినిపించని మాటలకు జవాబు చెప్పేది. మాత్రలు మొదలుపెట్టాక మళ్లీ ఎనభై మంది పిల్లలకు పప్పు వండగలిగింది. రెండేళ్లు నేను ఆమె బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున ఉన్నాను. మనసు డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు కాక, ఊళ్లో నా సంగతి ఆమె భర్తకు, ఆశా కార్యకర్త నాగరత్నకు మాత్రమే తెలుసు.

కొత్త సంవత్సరం ముద్ర కోసం నాగరత్న ఊళ్లో ఉన్న ఏడు పసుపు కార్డులూ తీసుకుపోయింది. ముద్ర వేయించి ఆరింటిని ఎవరివి వాళ్ల చేతిలో పెట్టింది. ఓబులమ్మ బడిలో ఉంది, ఇంటికి తాళం. నాగరత్న పోలియో చుక్కలకు పక్క ఊరు పోవాలి. ఇంట్లో లేనివాళ్లకు ఏది ఇవ్వాలన్నా పాల సెంటర్లో పెట్టిపోవడం ఈ ఊరి అలవాటు. కరెంటు బిల్లు, పెళ్లిపత్రిక, తాళంచెవి, అన్నీ అక్కడే. నన్నూ అక్కడే పెట్టింది.

సాయంత్రం పాలు పోయడానికి అందరూ వచ్చారు. సెంటరు నడిపే సుంకన్న నన్ను పైకెత్తి చూపించాడు.

"ఓబులమ్మ కార్డు ఇది. ఆ పక్కకు పోయేటోళ్లు ఎవురన్నా ఇచ్చిపోండి."

"పసుపుదేంది? మాకు తెల్లది గదా ఇచ్చినారు?"

"ఇది తలకాయ జబ్బోళ్లదంట."

"అయ్యో! పిలకాయలకు వండి పెట్టేది ఆయమ్మే గదా!"

ఇల్లు చేరేలోపు నన్ను పదకొండు మంది తెరిచారు. వాళ్లలో నలుగురికి చదవడం రాదు. అయినా తెరిచారు.

మరునాడు ఐదుగురు తల్లులు బడికి వచ్చారు. బడి కమిటీ చైర్మన్ నరసింహులు ఓబులమ్మను పక్కకు పిలిచి, "నాల్రోజులు ఇంటికాడ ఉండు మ్యా. శనివారం మీటింగు పెట్టి మాట్లాడదాం," అన్నాడు. ఆమె ఇంటికి వచ్చి నన్నూ మాత్రలనూ డబ్బా మూత మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రోజు నుంచి మాత్ర మింగలేదు. మింగడం మానేస్తే మామూలు మనిషినని ఊరు ఒప్పుకుంటుందని అనుకున్నట్టుంది. మూడో రోజుకు నిద్ర దూరమైంది.

నాగరత్న వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "సెంటర్లో అయితే భద్రంగా ఉంటాదనుకున్నా వదినా," అని ఏడ్చింది. ఓబులమ్మే ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది.

రెండో గురువారం ఆరోగ్య కేంద్రంలో గ్రేసమ్మ సిస్టరు విషయమంతా విని, "తప్పు మాది," అంది. "కార్డు మీ చేతికే ఇవ్వాలి. మీరు ఒప్పుకోకుండా మేము ఎవరికీ చూపించకూడదు. ఎవరడిగినా చూపించాల్సిన పని మీకు లేదు. దానికి చట్టం ఉంది."

"చట్టమొచ్చి వంట చేస్తాదా సిస్టర్?"

సిస్టరు మాత్రల పొట్లం ఆమె చేతిలో పెట్టింది. "మాత్ర మాత్రం మానకండి. మీటింగుకు నేను రానా?"

"వద్దు. నువ్వొస్తే అందరూ ఇంకోసారి నన్నే చూస్తారు."

ఆ రోజే మళ్లీ మాత్ర మింగింది.

శనివారం బడి గదిలో తొమ్మిది మంది కూర్చున్నారు. నేను ఓబులమ్మ పిడికిట్లో ఉన్నాను.

"కార్డు సూపియ్యి మ్యా," అన్నాడు నరసింహులు. "ఏం జబ్బో తెలిస్తే మాకూ ధైర్యం."

ఓబులమ్మ చూపు ఒక ముఖం దగ్గర ఆగింది. నాగరత్న ఎవరివి వాళ్ల చేతికిచ్చిన ఆరు కార్డుల్లో ఒకటి ఆ మనిషిది. నెలనెలా రెండో గురువారం ఆరోగ్య కేంద్రంలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ పేరు ఒక్కటి చెబితే చాలు, గదిలో మాటలన్నీ అటు తిరిగేవి. ఆ మనిషి కళ్లు నేల మీదే ఉన్నాయి. మనిషి అన్నాను, ఆడో మగో కూడా నేను చెప్పను.

ఓబులమ్మ చూపు తిప్పేసింది.

"సూపియ్యను, అన్నా. నా వంటలో రాయొచ్చిందా, పురుగొచ్చిందా, అది అడుగు. కార్డే కావాలంటే అందరి కార్డులూ ఈ బల్ల మీద పెట్టండి. అప్పుడు నాదీ పెడతా."

కమిటీలో పెద్దావిడ తిమ్మక్క గట్టిగా నవ్వింది. "నా సుగరు కార్డు తెస్తా పో, ఊరందరికీ తెలిసిందే. నువ్వు తెస్తావా నరసింహులూ, నీది?"

నరసింహులు దగ్గాడు. కిటికీ వైపు చూశాడు. ఆయన కార్డు ఏ రంగుదో నాకు తెలియదు, తెలిసినా అంతే. కాసేపటికి, "సోమవారం నుంచి రా మ్యా," అన్నాడు.

ఇద్దరు తల్లులు ఇప్పటికీ పిల్లలకు ఇంటి నుంచే క్యారియర్ పంపుతున్నారు. ఓబులమ్మ వాళ్లను ఏమీ అనదు. ఈ నెల సిస్టరు అందరికీ ఒకే రకం తెల్ల కార్డులు ఇచ్చింది. పాతదాన్ని ఏం చేయాలని అడిగితే, "మీది, మీ ఇష్టం," అంది.

అందుకే ఇవాళ నన్ను బడి పొయ్యిలో, కట్టెల కింద పెట్టింది. రాత్రి వానకు కట్టెలు తడిశాయి, మంట అందుకోవడానికి ఎండిన అట్ట కావాలి. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. బయట పిల్లలు పళ్లాలు వాయిస్తున్నారు.

"ఓబులమ్మత్తా, ఇంకా ఎంతసేపు?"

"అంటుకోనీ పాపా," అని ఆమె మూడో పుల్ల గీస్తోంది.