తెగిపోయిన మాటలు

ట్రస్టు హాస్టల్ సీట్ల జాబితాలోంచి పదో తరగతి నవత పేరు కొట్టేశారు. తెలుగు టీచరు విమలమ్మ ఆ పిల్ల గురించి బడి సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టిన మాటలే అందుకు కారణమట. విమలమ్మ పోయి నెల కూడా కాలేదు. చిలకలగూడలోని అదే బడిలో ఆమె చెల్లెలు కల్పలత లెక్కలు చెబుతుంది.

ఆఫీసు గుమాస్తా హరికిషన్, ఒకప్పుడు కల్పలత దగ్గర చదివినవాడే, ట్రస్టుకు పంపిన ఎక్సెల్ షీటు తెరిచి చూపించాడు. "మీ అక్క రాసిందే మేడమ్. చూడుండ్రి."

'నవత రోజూ ఆలస్యంగా వస్తుంది. హోంవర్కు సగమే తెస్తుంది. చేతిరాత చూడలేం. పుస్తకాల మీద నూనె మరకలు, అడిగితే జవాబు లేదు. తప్పు చూపిస్తే ఎదురు మాట్లాడుతుంది. పరీక్ష రోజు కూడా కునుకు తీసింది. రెండుసార్లు తల్లిని పిలిపించాను, రాలేదు. ఎంత మందలించినా నవ్వుతుం'

కల్పలత కింది గడి చూసింది. దాని కిందిదీ చూసింది. ముప్పై ఎనిమిది మందికీ తప్పులే. ప్రతి గడీ మాట మధ్యలో తెగింది.

అక్క పద్ధతి ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తననూ అలాగే దిద్దేది. తప్పులన్నీ ముందు చెప్పేసి, "ఇక విను" అని మంచిమాట చివరికి దాచిపెట్టేది.

"మిగతాది ఏది?"

"పాత సాఫ్ట్‌వేర్ మేడమ్. రెండువందల యాభై అయిదు అక్షరాలు దాటితే ఎక్సెల్లకు రాదు. గింత పొడుగు ఎవరు రాయమన్నరు? మిగతా టీచర్లు 'గుడ్' అని కొట్టి ఊకున్నరు."

"తెగుతుందని నీకు తెలుసా?"

"తెలుసు. చదివేటోళ్లే అర్థం చేసుకుంటరనుకున్న."

కల్పలత గొంతు పెంచలేదు. "చేసుకున్నరు. మా అక్క పిల్లల మీద పగబట్టిందని అర్థం చేసుకున్నరు. అసలుది లోపల ఉందా?"

"ఉంటది గానీ, ఒక్కొక్కలది తెరవాలె. శానా తక్లీఫ్."

"ఆసుపత్రి మంచం మీద ఒక్క వేలితో ఫోన్ల కొట్టింది ఇవన్నీ. నీకు తెరిచేందుకు తక్లీఫా? తెరువు."

హెడ్‌మిస్ట్రెస్ రాజ్యాన్ని కల్పలతే వెళ్లి పిలుచుకొచ్చింది. నిలబడి, తెగిన చోటునుంచి పైకి చదివింది.

'నవ్వుతుంది. ఇక వినండి. తెల్లవారకముందే లేచి, బోయిగూడలో తల్లి వడల బండి దగ్గర పనిచేసి బడికి వస్తుంది. ఆ నూనె చేతులతో రాసిన సగం హోంవర్కులో ఒక్క ముక్క కూడా ఎవరిదీ చూసి రాసింది కాదు. ఉన్నది ఒక్క సీటే అయితే ఈ పిల్లకే ఇవ్వండి.'

రాజ్యం కళ్లజోడు తీసింది. "ఇయ్యాలనే నవత పేరు మళ్ల పంపిస్తా కల్పలతా. ఇగ పో, క్లాసుకు టైమైంది."

"మిగతా ముప్పై ఏడు మందివి?"

కల్పలత కుర్చీ లాక్కుని హరికిషన్ పక్కన కూర్చుంది.

"తర్వాతి పేరు తెరువు. మొత్తం ప్రింట్ తియ్యి."