గేర్ బాక్సు బరువు

చపాతీల కర్ర కనబడలేదు. పిండి కలిపి తడిగుడ్డ కప్పి పెట్టి, సైదాబీ వంటిల్లంతా వెతికింది. గూట్లో లేదు, చేట కింద లేదు, బియ్యం డబ్బా వెనకా లేదు. పిల్లి ఎత్తుకెళ్ళే వస్తువు కాదు. ఇక మిగిలింది ఒకటే చోటు. ఇంటికీ మోటారు షెడ్డుకీ మధ్య వేలాడే గోనెపట్టా తెర పక్కకు జరిపి చూసింది. అనుకున్నంతా అయింది. మొగుడు బాజీ ఆ కర్ర కొస చెక్కి సన్నం చేసి, గ్రీజు పూసి, కారు ఇంజను వెనక క్లచ్చి ప్లేటు బొక్కలో దూర్చాడు. ప్లేటు సరిగ్గా నడిమికి వచ్చిందో లేదో ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

“ఏందయ్యా, అది వంటింటి కర్ర!”

“తెలుసులేవే. మద్రాసులో దీనికని వేరే ఇనప కడ్డీ అమ్ముతారంట. మనకెందుకు దండగ? నువ్వు చేత్తో తట్టుకో.”

జొన్నరొట్టె అయితే చేత్తో తట్టేదే. కారు గలాయన మస్తాన్‌రావు ఇవాళ భోంచేసి కారు తీసుకుపోతాడని గోధుమపిండి తెచ్చి చపాతీలు చెయ్యమన్నది బాజీయే. సైదాబీ ఇత్తడి గ్లాసుతో చపాతీలు ఒత్తింది. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. రాకపోతే పోయింది అనుకుంది గానీ, ఆ వంకర చపాతీలు చూస్తుంటే పొద్దున్నుంచీ లోపల పట్టిన గుబులు ఇంకాస్త ఎక్కువైంది. పొయ్యి దగ్గర కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు.

పేరుకది రేసు కారు. రెండే సీట్లు, గుడ్డ కప్పు. ఏ తెల్లదొరో తోలి వదిలేస్తే చేతులు మారి మారి మస్తాన్‌రావు దగ్గరికి వచ్చింది. ఆయన నాదెండ్లలో పొగాకు పండించే పెద్ద ఆసామి కొడుకు. గేరు మార్చడమంటే వామిలోంచి గడ్డి పీకినట్టు లాగడమే అనుకునే మనిషి. లోపలి పళ్ళ చక్రాలు ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి? విరిగాయి. కొత్త గేర్ బాక్సు మన దేశంలో ఎక్కడా దొరకదు. బాజీ రైలెక్కి మద్రాసు పోయి, పాత సామాను వీధులన్నీ తిరిగి, యుద్ధం అయిపోయి సీమకు పోతున్న దొర ఎవరో అమ్మేసిన అదే రకం కారును కొట్టువాళ్ళు విప్పుతుంటే, దాని గేర్ బాక్సు బేరమాడి కొన్నాడు. గడ్డి పరిచిన చెక్కపెట్టెలో అది నరసరావుపేట స్టేషన్లో దిగి, ఒంటెద్దు బండెక్కి ఇల్లు చేరింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తకోడలికి కూడా అంత మర్యాద జరగలేదని సైదాబీకి బాగా తెలుసు. దాని పాత నూనె జిడ్డంతా కిరసనాయిలుతో కడిగిందీ, పళ్ళ సందుల్లో మట్టిని తన పాతచీర పీలికతో తుడిచిందీ తనే. “బాజీ పని అద్దంలా ఉంటది” అని జనం మెచ్చుకునేది ఆ తుడుపునే.

పుట్టింట్లో ఉన్నప్పుడు సైదాబీకి తెరలు తెలియవు. రెంటచింతల ఎండల్లో తండ్రి వెంట ఇంటింటికీ తిరిగి, పరుపులకు దూది ఏకిన పిల్ల. ముక్కునిండా దూది పోగులు, చుట్టూ నలుగురూ, గొంతెత్తి కబుర్లు. పెళ్ళయి పేటకు వచ్చేసరికి బాజీ సొంత షెడ్డు పెట్టాడు. షెడ్డుతో పాటే ఇంటికి గోషా వచ్చింది. అత్త కాశింబీయే ఆ గోనెపట్టా కుట్టి వేలాడదీసింది. “మోటారు మేస్త్రీ ఇల్లు మనది. మన ఆడది నలుగురి కళ్ళల్లో పడకూడదు” అంది. పడకూడదు, నిజమే. అయితే షెడ్డు రేకు తలుపు లోపలి నుంచి గడియపెడితే ఎవరి కళ్ళల్లోనూ పడకుండానే ఆడది కారు కింద దూరవచ్చు, ఇంజనుకు భుజం ఆనించవచ్చు. ఆ కిటుకు బాజీ కనిపెట్టాడు, అత్త సరేనంది.

“పనోణ్ణి పెట్టుకోరాదా?” అని ఆమె ఒకసారి అడిగింది. బాజీ నవ్వాడు. “వాడికి పని నేర్పితే రేపు మన ఎదురుగానే షెడ్డు పెడతాడే పిచ్చిదానా. నువ్వు పెట్టవు గదా!” ఆ నవ్వులో ప్రేమ కూడా ఉందని అప్పట్లో ఆమె మురిసింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. చెడిపోయిన లారీలు, ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరే కార్లు, వాటి కింద ఈతచాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ మీదా పొట్ట మీదా బరువు ఆపుకుని, పైనుంచి అతను మర బిగించేదాకా ఊపిరి బిగబట్టడం. ఆ తర్వాత లేచి, చేతులు కడుక్కుని, అన్నం వార్చడం.

రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. మొదటిసారి ఒక లారీ పని అయిన మర్నాడు. రెండోసారి ఇంకో ఇంజను దించిన రోజే. రెండోసారి మిషను ఆసుపత్రి నర్సు కాంతమ్మ ఇంటికి వచ్చి చూసింది. “ఏమన్నా బరువులెత్తావా తల్లీ?” అని అడిగింది. సైదాబీ నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. “మా ఇంట్లో బరువులేందమ్మా? గోషాలో కూర్చుని తినే పిల్ల. దీని గర్భమే నిలవదు.” బాజీ గుమ్మంలో నిలబడి కాళ్ళ కింది నేల చూస్తున్నాడు. సైదాబీ చాలాకాలం అత్త మాటే నిజమనుకుంది, తన ఒంట్లోనే ఏదో లోపముందని. కాంతమ్మ అడిగిన ప్రశ్నకూ ఇంజన్లు దించిన రోజులకూ ఉన్న లంకె ఈమధ్యే తోచింది. ఇప్పుడు అత్త, బాజీకి రెండో పెళ్ళి చెయ్యాలని, రొంపిచెర్ల పిల్ల ఒకతె మాట పదేపదే ఎత్తుతోంది. చక్కటి పిల్లంట, ఇద్దరక్కలకీ నలుగురేసి కొడుకులంట.

మళ్ళీ నెల తప్పింది. ఈసారి వేవిళ్ళు కూడా గట్టిగానే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా దాచుకుని, నిన్న రాత్రి బాజీకి చెప్పింది. అతను సంతోషించాడు, నిజంగానే. తల నిమిరాడు కూడా. “ఈ ఒక్క గేర్ బాక్సు ఎక్కించనీ. ఆ తర్వాత నువ్వు కాలు కింద పెట్టొద్దు” అన్నాడు. “ఒక్కసారికి ఏమీ కాదులే” అని అటు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం మస్తాన్‌రావు వచ్చాడు. మల్లెపువ్వులాంటి పంచె, చేతికి గడియారం. చపాతీలూ కోడికూరా తిని, వంకర చపాతీలను ఏమీ అనకుండా మెచ్చుకుని, షెడ్డు బయట నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బాజీ రేకు తలుపు గడియపెట్టి తెర వైపు చూసి గొంతు తగ్గించాడు.

“రావే. గంటలో అయిపోద్ది.”

కారును నాలుగు మొద్దుల మీద ఎత్తి, సీట్ల ముందరి చెక్కలు తీసేసి పెట్టాడు. గేర్ బాక్సు కింద గోతాల మీద ఉంది. పైనుంచి అతను తాడుతో పట్టుకుని దారి చూపించాలి. కిందనుంచి మనిషి దాన్ని పొట్ట మీదికి జరుపుకుని, మోకాళ్ళతో పైకెత్తి, దాని ముందు కడ్డీ క్లచ్చి ప్లేటులో దిగేదాకా ఆపాలి. మధ్యలో బరువు వదిలితే ప్లేటు వంగిపోతుంది. సైదాబీ కొంగు నడుముకు బిగించి కింద దూరింది. అలవాటైన చోటే. గేర్ బాక్సును రెండు చేతులా పట్టి తన మీదికి లాక్కుంది. ఇనుము చల్లగా పొత్తికడుపుకు తగిలింది.

అక్కడ ఆగిపోయింది.

“ఎత్తవే. ఏందాలిస్యం?” పైనుంచి బాజీ.

ఆమె ఎత్తలేదు. ఈ ఇంట్లో తను ఇంతవరకూ వద్దు అన్న మాట ఒక్కటి కూడా లేదని ఆ కారు కింద పడుకుని గుర్తొచ్చింది. కర్ర చెక్కేస్తుంటే వద్దనలేదు. తెర కట్టినప్పుడు అనలేదు. కాంతమ్మ అడిగినప్పుడు అత్తకు అడ్డు చెప్పలేదు. భయం వేసింది, చాలా భయం. ఆ భయంతోనే గేర్ బాక్సును నెమ్మదిగా పక్కకు, గోతాల మీదికి దించి, పాకుతూ బయటికి వచ్చింది. చేతులు తుడుచుకోలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కుని తిన్నగా వెళ్ళి రేకు తలుపు గడియ తీసింది.

వెలుతురుకు కళ్ళు మూసుకుపోయాయి. మస్తాన్‌రావు కంగారుగా లేచి నిలబడ్డాడు.

“అయ్యా, లోపలికొచ్చి ఒక చెయ్యెయ్యండి” అంది సైదాబీ. “ఈ షెడ్డులో కార్ల కింద పడుకుని బరువు మోసేది నేనే. కడుపుతో ఉన్నా. ఇంక మొయ్యను.”

తెర వెనక నుంచి కాశింబీ అరుచుకుంటూ వచ్చింది. “ఏమే, మతి పోయిందా? మగోళ్ళ ముందు ఆ మాటలేంది? మా పరువు...”

“ఇద్దరు బిడ్డలు పోయింది ఈ బరువుకే అత్తా” అంది సైదాబీ. “నా గర్భం నిలవకపోవడం కాదు. కావాలంటే నీ కొడుకుని అడుగు.”

కాశింబీ కొడుకు వైపు తిరిగింది. “ఏందిరా ఇది? అబద్ధమని చెప్పు.”

బాజీ చెప్పలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. చేతిలో తాడు అలాగే పట్టుకుని కాళ్ళ కింది నేల చూస్తూ నిలబడ్డాడు, ఆనాడు గుమ్మంలో నిలబడ్డట్టే. ఇతనికి తెలియదనే సైదాబీ ఇన్నాళ్ళూ అనుకుంది. మగవాడు, ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అని తనే సర్దిచెప్పుకుంది. అతనికి తెలుసు. ఆనాడే తెలుసు. రాత్రి తల నిమిరినప్పుడు కూడా తెలుసు.

ఏడుపు రాలేదు. మస్తాన్‌రావు ఖాళీ చేసిన కుర్చీ పక్కనే ఉంది. అందులో కూర్చుంది. బజారున పోయే ఒకరిద్దరు ఆగి చూశారు, చూడనీ అనుకుంది.

మస్తాన్‌రావు పంచె ఎగ్గట్టి లోపలికి వెళ్ళాడు. గోతాలు జరిగిన చప్పుడు, తాడు బిగిసిన చప్పుడు, ఆ వెంటనే కారు కిందనుంచి ఆయన మూలుగు వినబడ్డాయి.

“అబ్బా! బాజీ, ఆపు ఆపు. చచ్చేట్టున్నాను. ఇంత బరువు మీ ఆవిడ పొట్ట మీద పెట్టావా?”